న్యూజెర్సీ నేలలో అంజూరం, దానిమ్మ చలికాలం తట్టుకుంటాయా?

శైలజ_ఎడిసన్
అక్టోబర్ 26, రాత్రి 9:40

అందరికీ నమస్తే. ఇన్నాళ్లూ చదివి పోవడమే, రాయడం ఇదే మొదటిసారి. ఇల్లు కొని రెండేళ్లయింది, వెనక పెరట్లో దక్షిణం గోడ పక్కన మంచి ఎండ తగిలే జాగా ఉంది. కుండీల్లో ఒక అంజూరం (చికాగో హార్డీ రకం), ఒక దానిమ్మ (వండర్‌ఫుల్), ఒక మేయర్ నిమ్మ, కరివేపాకు ఉన్నాయి. ప్రతి నవంబర్‌లో వీటిని గరాజ్‌లోకి ఈడ్వలేక మా ఆయన నడుం పట్టేస్తోంది, పోయినేడు దానిమ్మ కుండీ మెట్ల మీద జారి ఆయన కాలి మీద పడబోయి తప్పింది కూడా. అందుకని అంజూరం, దానిమ్మ రెండూ నేలలో పెట్టేద్దామని. మాది జోన్ 7ఎ. దానిమ్మ ట్యాగ్ మీద "జోన్ 7 నుంచి" అని ఉంది. మా అత్తగారు ఫోన్‌లో "మా అనంతపురంలో రాళ్లల్లో పెట్టినా బతికే చెట్టు, దానికి ఇంత ఆలోచన ఏంటమ్మా" అంటున్నారు. ఈ శనివారమే గుంట తవ్వుదామనుకుంటున్నాం. ఎవరైనా పెట్టినవాళ్లు ఉంటే చెప్పండి.

టెక్సాస్_తాతయ్య
అక్టోబర్ 26, రాత్రి 10:55

అమ్మా శైలజా, ముందు ఆ పార పక్కన పెట్టించు.

అనంతపురంలో దానిమ్మకి కష్టం ఎండ, నీళ్లు. చలి అక్కడ ఉండదు. కరువుకి గట్టి చెట్టు కాబట్టి చలికీ గట్టిది అనుకోవడం నేనూ చేసిన పొరపాటే. ఇక జోన్ నంబర్ సంగతి. అమెరికా వ్యవసాయ శాఖ వేసిన ఆ జోన్ మ్యాపు చెప్పేది మీ ఊళ్లో ఇంతకంటే చలి పడదు అని కాదు. ఒక్కో ఏడాది అన్నిటికంటే చల్లటి రాత్రి ఎంత పడిందో తీసుకుని, అలా ముప్పై ఏళ్లవి (ఇప్పుడున్న 2023 మ్యాపుకి 1991 నుంచి 2020 దాకా) కలిపి వేసిన సగటు అది. 7ఎ అంటే ఆ సగటు 0 నుంచి 5 ఫారెన్‌హీట్ మధ్య ఉందని. సగటు అన్నాక కొన్నేళ్లు అంతకంటే కిందకి దిగుతుంది కదా, మరి చెట్టు చావడానికి ఒక్క రాత్రి చాలు.

నాది డాలస్ పక్కన. ఇక్కడ జోన్ 8, అంటే 10 కంటే కిందకి మామూలుగా పోకూడదు. 2021 ఫిబ్రవరి 16 తెల్లవారుజామున డాలస్ విమానాశ్రయంలో మైనస్ 2 పడింది. ఫారెన్‌హీట్‌లో మైనస్ 2, సెల్సియస్‌లో చెప్పాలంటే దాదాపు మైనస్ 19. కరెంటు లేదు, కుళాయిలో నీళ్లు లేవు, మేము ఇద్దరం ముసలాళ్లం కారులో హీటర్ వేసుకుని కూర్చున్నాం, ఇక చెట్ల గురించి ఎవరు పట్టించుకుంటారు. పదకొండేళ్ల దానిమ్మ నేలదాకా చచ్చింది. అంజూరం కూడా. ఆ రెండూ మేలో మొదలు నుంచి చిగిర్చాయి. సత్సుమా నారింజ కథ వేరే ఉంది, అది ఇంకోసారి చెప్తాను, నవ్వుతారు.

అట్లాంటా_రవళి
అక్టోబర్ 27, ఉదయం 7:12

నారింజ కథ ఇప్పుడే చెప్పండి అంకుల్ 😀

టెక్సాస్_తాతయ్య
అక్టోబర్ 27, ఉదయం 8:30

సరే. అది కూడా పోయిందనుకుని కొట్టేద్దామంటే జూన్‌లో మొదట్లో పచ్చగా చిగురు. మా ఆవిడ పసుపు కుంకుమ పెట్టినంత పని చేసింది. మూడేళ్లు నీళ్లు పోశాను, ఎరువులు వేశాను, ముళ్లు వస్తుంటే "కొత్త కొమ్మకి ముళ్లు ఉంటాయిలే" అని సరిపెట్టుకున్నాను. నాలుగో వసంతంలో పూసింది, కాసింది కూడా. గోలీకాయంత కాయ, నిండా గింజలు, నోట్లో పెడితే చేదు విషం. అప్పుడు ఎవరో చెప్పారు, ఆకు చూడండి, ఒక్కో కాడకి మూడేసి ఆకులున్నాయి, ఇది నారింజ కాదు, దాని కింద వేసిన ట్రైఫోలియేట్ (మూడాకుల నారింజ) వేరుమూలం, అంటే అంటు కట్టడానికి కింద వాడిన మొక్క అని. పైన అంటు కట్టిన నారింజ 2021లోనే చచ్చింది. నేను మూడేళ్లు పోసింది దాని కింద ఉన్నవాడికి.

పైరు_పాఠం
అక్టోబర్ 27, మధ్యాహ్నం 1:20

తాతయ్య గారూ, బాధలో ఉన్నారు కానీ మీ "కింద ఉన్నవాడు" సామాన్యుడు కాడు. సిట్రస్ జాతిలో చలికి అంతగా తట్టుకునేది అదే, మైనస్ 10 ఫారెన్‌హీట్ ప్రాంతంలో కూడా బతుకుతుంది, ఆకు రాల్చుకుని నిద్రపోతుంది. 1894 డిసెంబర్, 1895 ఫిబ్రవరి రెండు దెబ్బలకి ఫ్లోరిడా నారింజ తోటలు తుడిచిపెట్టుకుపోయాక, వాల్టర్ స్వింగిల్ అనే వ్యవసాయ శాఖ శాస్త్రవేత్త దీన్నీ తీపి నారింజనీ సంకరం చేసింది ఆ గట్టిదనం కోసమే. వాటికి సిట్రేంజ్ అని పేరు పెట్టారు. చలికి తట్టుకున్నాయి కానీ తినడానికి పనికిరాలేదు, చివరికి వేరుమూలాలుగా స్థిరపడ్డాయి.

శైలజ గారూ, నేను బాపట్లలో అగ్రికల్చర్ చదివాను, ఇప్పుడు ఇక్కడ మొక్కల శరీరధర్మం మీదే పని. మీకు రెండు మాటలు. ఒకటి, చలికి బొటాబొటిగా తట్టుకునే మొక్కని అక్టోబర్ చివర నేలలో పెట్టకండి. వేరు పట్టడానికి టైం లేదు. మే మధ్యలో పెడితే ఒక ఎండాకాలం మొత్తం దొరుకుతుంది.

రెండోది కొంచెం పెద్ద మాట, ఓపిక ఉంటే చదవండి. చెట్టుకి చలి తట్టుకునే శక్తి ఏడాదంతా ఒకేలా ఉండదు. అదే యాపిల్ కొమ్మని జులైలో కోసి మైనస్ 4 సెల్సియస్‌లో పెడితే నల్లబడి చస్తుంది. జనవరిలో అదే చెట్టు కొమ్మ మైనస్ 30 చూసి కూడా మామూలుగా చిగురుస్తుంది. మధ్యలో జరిగేది ఏమిటంటే, ఆగస్టు, సెప్టెంబర్‌లలో పగలు తగ్గడం చూసి చెట్టు ఎదుగుదల ఆపుతుంది, అది మొదటి మెట్టు. తర్వాత వారాల తరబడి కొద్దికొద్దిగా పడే చలి రెండో మెట్టు. ఈ టైంలో కణాల్లో చక్కెరలు పెరుగుతాయి, కణం పొరల్లోని కొవ్వుల తీరు మారుతుంది, గడ్డకట్టినా పొర పగలకుండా ఉండేలాగ. మంచుగడ్డ ముందు కణాల మధ్య ఖాళీల్లో కడుతుంది, లోపలి నీటిని మెల్లగా బయటికి లాగుతుంది, లోపల మిగిలిన రసం చిక్కబడి గడ్డకట్టకుండా ఉంటుంది. కాబట్టి చెట్టు ఒక రకంగా ఎండబెట్టుకుంటోంది అనుకోండి, మన ఒరుగుల్లా. లోపల గడ్డకట్టిందా, ఆ కణం పని అయిపోయినట్టే.

ఈ తయారీ పూర్తికాకముందే హఠాత్తుగా చలి పడితే జోన్ నంబర్ ఎంతున్నా లాభం లేదు. 2022 డిసెంబర్ 23 అందరికీ గుర్తుండే ఉంటుంది, ఒక్క రోజులో పాతిక, ముప్పై డిగ్రీలు పడిపోయింది చాలా చోట్ల. అట్లాంటా వాళ్లు చెప్పాలి.

అట్లాంటా_రవళి
అక్టోబర్ 27, రాత్రి 8:05

చెప్తాను. ఆ క్రిస్మస్‌కి ఇక్కడ ఫారెన్‌హీట్‌లో సింగిల్ డిజిట్ పడింది. అందరి పెరట్లో గార్డీనియాలు గోధుమ రంగైపోయాయి, మా వీధిలో సగం కంచె మొక్కలు పీకేశారు. ఐదేళ్లుగా ఏ ఢోకా లేని మొక్కలు అవి. అంతకుముందు వారం దాకా స్వెటర్ లేకుండా తిరిగాం.

ఇంకోటి, ఆ మరుసటి ఏడాది 2023లో జార్జియా పీచ్ పంట 90 శాతానికి పైగా పోయింది. అది మళ్లీ వేరే లెక్క, చలి ఎక్కువై కాదు, సరిపడా పడక, తర్వాత తొందరగా పూసి, మార్చిలో మంచు కొట్టి. ఆ ఎండాకాలం రోడ్డు పక్క బండి దగ్గర "జార్జియా పీచెస్" బోర్డు ఉంది, కాయ మాత్రం వేరే రాష్ట్రానిది.

మినెసోటా_మామ
అక్టోబర్ 28, ఉదయం 6:40

జోన్ 7 వాళ్లు చలి గురించి మాట్లాడుకుంటుంటే మాకు ఇక్కడ చెవులు గడ్డకట్టుకుపోతున్నాయి 😄 మాది జోన్ 4. నా పెరట్లో హనీక్రిస్ప్, హరాల్సన్ రెండు యాపిల్ చెట్లు, వాటికి కప్పేది లేదు, చుట్టేది లేదు.

ఎలా అంటే ఇక్కడి వాళ్లు తరాల తరబడి చచ్చినవి చావనిచ్చి మిగిలినవాటిని తీసుకున్నారు. 1860ల్లో పీటర్ గిడియన్ అనే ఆయన మినెటోంకా సరస్సు ఒడ్డున ఏళ్లపాటు విత్తనాలు వేస్తూ పోతే ప్రతి చలికాలం అన్నీ పోయేవి, చివరికి నిలబడ్డ ఒకదానికి వెల్తీ అని పెళ్లాం పేరు పెట్టుకున్నాడు. తర్వాత యూనివర్సిటీ వాళ్లు అదే పని పట్టుకున్నారు, 1922లో హరాల్సన్, 1991లో హనీక్రిస్ప్. ఇప్పుడు మీ కాస్ట్‌కోలో డబ్బా యాపిళ్లు కొంటున్నారే, అది అసలు మాలాంటి వాళ్ల చలికోసం పుట్టిన చెట్టు. మీరు కరకరా తింటున్నారు, అది వేరే సంగతి.

శైలజ గారికి చెప్పొచ్చే ముక్క ఏమిటంటే, వేరు ఎప్పుడూ కొమ్మంత గట్టిది కాదు. ఏ చెట్టుకైనా. మట్టి కింద, మంచు దుప్పటి కింద వెచ్చగా ఉండటం దానికి అలవాటు. అందుకే మాకు మంచు కురవని చలి అంటేనే భయం, అడుగు మంచు ఉంటే హాయిగా నిద్రపోతాం. కుండీలో వేరుకి నాలుగు వైపులా గాలే, కాబట్టి జోన్ 5 చెట్టుని కూడా కుండీలో బయట వదిలేస్తే మీ జోన్ 7లో పోవచ్చు. "గట్టి రకం కదా, కుండీ వరండాలో ఉంచేద్దాం" అని మాత్రం అనుకోకండి. గరాజ్‌లోకి ఈడవండి, లేదా నేలలో పెట్టండి, మధ్యలో ఉంచొద్దు.

శైలజ_ఎడిసన్
అక్టోబర్ 28, రాత్రి 9:15

అమ్మో, ఇంత ఉందా. గుంట తవ్వడం ఆపించాను, మా ఆయన మొహం వెలిగిపోయింది, శనివారం క్రికెట్ చూస్తాడట.

అయితే అంజూరం మాత్రం పోయిన మేలోనే ఒకటి నేలలో పెట్టాను, చెప్పడం మర్చిపోయా, కుండీదాని కొమ్మతోనే వేరు పట్టించింది. ఇప్పుడు నాలుగడుగులుంది. దాన్నేం చేయాలి? మా పక్కింట్లో ఇటలీ పెద్దాయన ఒకాయన ఉన్నారు, ఎనభై పైనే. ఆయన చెట్టు నవంబర్‌లో మాయమైపోతుంది, ఏప్రిల్‌లో మళ్లీ వస్తుంది. మొదటి ఏడాది కొట్టేశారనుకున్నాను.

కుండీల_కుమారి
అక్టోబర్ 28, రాత్రి 10:02

పాతిపెడతారు అక్కా! న్యూజెర్సీ, బ్రూక్లిన్ ఇటాలియన్లకి అది పండగ లాంటిది. ఆకు రాలాక చెట్టుకి ఒక పక్క వేర్లు పారతో నరికి, రెండో పక్కకి కందకం తవ్వి, కొమ్మలన్నీ తాడుతో కట్టి, చెట్టుని మెల్లగా ఆ కందకంలోకి వంచి పడుకోబెడతారు. పైన చెక్కలు, ఎండాకులు, ఆపైన మట్టి. ఓపిక లేనివాళ్లు చెట్టుని నిలబెట్టే ఉంచి దుప్పట్లు, కార్పెట్ ముక్కలు చుట్టి పైన బకెట్ బోర్లిస్తారు, వాన నీళ్లు లోపలికి పోకుండా. ఆ బకెట్ ఉన్న ఇల్లు కనిపిస్తే లోపల అంజూరం ఉన్నట్టే.

మీది చికాగో హార్డీ కాబట్టి అంత అక్కర్లేదు అనుకుంటా. పైన చచ్చినా మొదలు నుంచి వచ్చిన కొత్త కొమ్మకే కాస్తుంది అది. కాకపోతే ఆలస్యంగా.

పైరు_పాఠం
అక్టోబర్ 29, ఉదయం 9:30

ఆ చివరి వాక్యం ముఖ్యం. కొత్త కొమ్మ మీద కాసే రకమైతే మొదలు కాపాడితే చాలు. ఆకు మొత్తం రాలాక, రెండుమూడు గట్టి చలి రాత్రులు పడ్డాక, మొదలు చుట్టూ అడుగు ఎత్తున ఎండాకులో చెక్కపొట్టో పోయండి. ముందే పోస్తే కింద వెచ్చగా ఉండి చెట్టుకి నిద్ర పట్టదు. కాండానికి ఆనించి గుట్టలా పోస్తే ఎలుకలు చేరి బెరడు కొరుకుతాయి, అందుకని చుట్టూ సన్న జాలీ పెట్టండి. జులై తర్వాత యూరియాలాంటివి వేశారా?

శైలజ_ఎడిసన్
అక్టోబర్ 29, ఉదయం 10:11

సెప్టెంబర్‌లో వేశాను 🙈 ఆకులు పాలిపోతున్నాయని.

పైరు_పాఠం
అక్టోబర్ 29, ఉదయం 10:40

పడుకోబోయే పిల్లాడికి కాఫీ ఇచ్చినట్టు. సరే, అయిందేదో అయింది. ఇక ఏం వేయకండి, కత్తిరించొద్దు కూడా. కత్తిరిస్తే చిగురు వేయాలని చూస్తుంది.

టెక్సాస్_తాతయ్య
అక్టోబర్ 29, మధ్యాహ్నం 12:25

దానిమ్మ మీద ఇంకో మాట. వండర్‌ఫుల్ కాలిఫోర్నియా చెట్టు, న్యూజెర్సీకి సరిపోదు, ట్యాగ్ మీద జోన్ 7 అని రాసినవాళ్లు అమ్ముకోవడానికి రాశారు. చలి తట్టుకునే దానిమ్మలు మధ్య ఆసియా నుంచి వచ్చాయి. తుర్క్‌మెనిస్తాన్‌లో గారిగలా అనే పరిశోధన కేంద్రంలో గ్రెగరీ లెవిన్ అనే ఆయన నలభై ఏళ్లు కూర్చుని 1,117 రకాలు పోగేశాడు. సోవియట్ పోయాక ఆ తోటకి దిక్కు లేకుండా పోయింది, అదృష్టం కొద్దీ కొన్ని కొమ్మలు అప్పటికే కాలిఫోర్నియా డేవిస్‌లోని మొక్కల సేకరణ కేంద్రానికి చేరాయి. సలవాట్‌స్కీ అని దొరుకుతుంది, అది ఆ ప్రాంతానిదే. ఇప్పుడు నా దగ్గరున్నది అదే. తియ్యగా లేదు, నిజం చెప్పాలి. మా ఆవిడ పెరుగన్నంలోకి చాలు అంటుంది.

జగిత్యాల_రైతుబిడ్డ
డిసెంబర్ 19, రాత్రి 11:30

ఇక్కడ అడగొచ్చో లేదో, చలి అని కనిపించి వచ్చిన. మాది జగిత్యాల దగ్గర. నేను హైదరాబాద్‌లో జాబ్, నాన్న ఊర్ల ఎవుసం. యాసంగి నారు పోసి ఇరవై రోజులైంది, వారం నుంచి రాత్రి 9, 10 డిగ్రీలు పడుతోంది, నారు పచ్చబడి ఎదగట్లేదు, కొసలు ఎర్రబడుతున్నాయి, అక్కడక్కడ చచ్చి సొట్టలు పడింది. మీ దగ్గర మైనస్ 20కి చెట్లు బతుకుతుంటే మా దగ్గర ప్లస్ 9కి నారు సచ్చుడేంది? నాన్న మడి గట్ల మీద గడ్డి తగలబెట్టి పొగ పెడుతున్నడు. పని చేస్తదా?

పైరు_పాఠం
డిసెంబర్ 20, ఉదయం 5:50

అడగకూడని ప్రశ్న కాదు, అసలు ప్రశ్నే ఇది తమ్ముడూ. మీది ఇంకో రకం చలి. యాపిల్‌కి నీళ్లు గడ్డకడితే దెబ్బ. వరి వేడి దేశం మొక్క, గడ్డకట్టక్కర్లేదు, 10, 12 డిగ్రీలకే దాని కణం పొరలు బిగుసుకుపోతాయి, గడ్డకట్టిన నెయ్యిలా. వేరు నీళ్లు, భాస్వరం, జింక్ లాగలేదు. ఆకు ఎర్రబడటం, పాలిపోవడం అందుకే, మట్టిలో అవి ఉన్నా మొక్కకి అందవు.

పొగ వద్దని నాన్నగారికి చెప్పు. గాలి లేని రాత్రి కొంచెం కప్పినట్టు ఉంటుంది కానీ వేడి పెద్దగా ఆపదు, గడ్డి దండగ, దగ్గు మిగులుతుంది. చేయాల్సింది నీళ్లతో. బోరు నీళ్లు భూమిలోంచి వస్తాయి కాబట్టి రాత్రి గాలి కంటే వెచ్చగా ఉంటాయి. సాయంత్రం పెట్టి మడి నింపు, తెల్లారాక ఆ చల్లబడ్డ నీళ్లు తీసేసి మళ్లీ కొత్త నీళ్లు పెట్టు. పగలంతా చల్లటి నీళ్లు నిలవ ఉంచి చలి కాచుకోమంటే నారు ఏం చేస్తుంది. ఇంకా, వెదురు బద్దలు వంచి మడి మీద పాలిథీన్ షీటు, లేకపోతే బస్తాలు కుట్టిన పట్టా, సాయంత్రం కప్పి పొద్దున ఎండ రాగానే తీసేయాలి. తీయకపోతే పగలు ఉడికిపోతుంది. జింక్ సల్ఫేట్ లీటరుకి 2 గ్రాములు కలిపి కొట్టండి. వచ్చే ఏడాది నారుమడిలో భాస్వరం వానాకాలం కంటే రెట్టింపు వేయండి, దుక్కిలోనే.

జగిత్యాల_రైతుబిడ్డ
డిసెంబర్ 20, ఉదయం 8:02

షీటు సంగతి నాన్నకు చెప్తే "మా అయ్య ఏనాడన్న నారుకు దుప్పటి కప్పిండా" అన్నడు.

మినెసోటా_మామ
డిసెంబర్ 20, ఉదయం 8:30

మీ తాత కాలంలో ఏ రకం వేసేవాళ్లో కూడా అడుగు. తెల్లహంస లాంటివి చలికి ఓర్చుకునేవి. మా అమ్మమ్మ వాళ్లది నిజామాబాద్ వైపు, చలికాలం నారంటే తెల్లహంసే అనేవాళ్లు.

జగిత్యాల_రైతుబిడ్డ
డిసెంబర్ 20, మధ్యాహ్నం 1:15

నిజమే అంట. తెల్లహంసనే పోసేటోళ్లమని ఇప్పుడు ఒప్పుకున్నడు. మరి మార్చారేంది అంటే దిగుబడి, మిల్లోడు కొనడు అన్నడు. షీటుకు మనిషిని పంపిండు జగిత్యాలకు.

పైరు_పాఠం
డిసెంబర్ 20, మధ్యాహ్నం 2:40

మంచిది. నాట్ల తర్వాత ఇంకో గండం కూడా ఉంటుంది వరికి, పొట్ట దశలో రాత్రులు బాగా చల్లబడితే పుప్పొడి తయారవక తాలు పడుతుంది. మీ దగ్గర ఆ టైంకి ఎండలు వచ్చేస్తాయి కాబట్టి భయం తక్కువ. 1993లో జపాన్‌లో అదే జరిగింది, ఎండాకాలమే చల్లగా పోయి వరి పంట మామూలులో నాలుగో వంతు పోయింది, బియ్యం దిగుమతికి ససేమిరా అనే దేశం థాయ్‌లాండ్ బియ్యం తెచ్చుకోవాల్సి వచ్చింది. అక్కడా మంచు పడలేదు.

చింతపల్లి_చిన్నోడు
డిసెంబర్ 22, రాత్రి 7:48

చలి అంటే మా ఊరు లేకుండా ఎలా. లంబసింగి దగ్గర మాది. ఇప్పుడు తెల్లారి మూడింటికే వైజాగ్ నుంచి కార్లు, బైకులు, మంచు చూడ్డానికి. వలిసె పూలు అయిపోయాయి, రాజ్మా కోశాం. ఒక డౌట్. ఇక్కడ యాపిల్ వేయమని కొందరు తిరుగుతున్నారు, మొక్క ఒక్కోటి మూడొందలు చెప్తున్నారు. "మీది ఆంధ్రా కశ్మీర్, కశ్మీర్ యాపిల్ పండుద్ది" అంటున్నారు. మా బావ యాభై మొక్కలకి అడ్వాన్స్ ఇచ్చేశాడు. పండుతుందా?

మినెసోటా_మామ
డిసెంబర్ 22, రాత్రి 9:20

కశ్మీర్ రకాలైతే ఆ డబ్బులు అయిపోయినట్టే. అడ్వాన్స్ వెనక్కి అడగమను.

పైన మేం మాట్లాడుకున్నది చెట్టు చలికి ఓర్చుకోవడం. మీకు కావలసింది తిరగేసిన లెక్క: చెట్టుకి చలి ఎంత *కావాలి* అనేది. యాపిల్ మొగ్గకి చలికాలంలో 7 డిగ్రీల లోపు ఇన్ని గంటలు పడితేగాని నిద్ర వదలదు. కశ్మీర్ డెలీషియస్ రకాలకి వెయ్యి గంటల దగ్గర కావాలి. లంబసింగిలో తెల్లవారుజామున చలి గట్టిదే, కానీ అది గంటల లెక్కలో ఎంత? పొద్దున తొమ్మిదికి స్వెటర్ తీసేస్తారు, మధ్యాహ్నం 24, 25. ఆ వేడి రాత్రి పడ్డ చలిలో కొంత కొట్టేస్తుంది కూడా. కాబట్టి నిద్ర పట్టీ పట్టనట్టు అయ్యి, అక్కడో చిగురు ఇక్కడో చిగురు వేసి, పూత రాదు.

తక్కువ చలి చాలే రకాలున్నాయి. ఇజ్రాయెల్‌లో చేసిన అన్నా, బహామాస్‌లో పుట్టిన డోర్సెట్ గోల్డెన్. మనవాళ్లలో హరిమన్ శర్మ అని హిమాచల్ బిలాస్‌పుర్ జిల్లా రైతు, కింది ఎత్తుల్లో యాపిల్ కాయదన్న చోట పెంచి తీసిన హెచ్‌ఆర్‌ఎంఎన్-99. ఆయనకి 2025లో పద్మశ్రీ ఇచ్చారు. తెలంగాణలో ఆసిఫాబాద్ జిల్లా ధనోరాలో 2020లో ఒక రైతు కాయించి చూపించారు కదా.

చింతపల్లి_చిన్నోడు
డిసెంబర్ 22, రాత్రి 9:55

అయితే పండుద్దన్నమాటే.

మినెసోటా_మామ
డిసెంబర్ 22, రాత్రి 10:10

కాయడం వేరు, లాభానికి కాయడం వేరు. జూన్‌లో మీకు కోత వచ్చేసరికి వానలు. మచ్చ, కుళ్లు. పది మొక్కలు పెట్టి మూడేళ్లు చూడమను, యాభై కాదు.

పైరు_పాఠం
డిసెంబర్ 23, ఉదయం 6:05

నేను మామ గారితో పూర్తిగా ఒప్పుకోను. చలి లేకపోయినా చెట్టుని మోసం చేసే పద్ధతి ఒకటుంది. ఇండోనేషియాలో జావా ద్వీపం బాటూ కొండల మీద, భూమధ్యరేఖకి దగ్గర్లో, యాపిల్ ఏడాదికి రెండు పంటలు తీస్తారు. కోత అవగానే కూలీలు చెట్టు ఆకు మొత్తం చేత్తో దూసేస్తారు. మొగ్గ గాఢనిద్రలోకి జారకముందే తట్టి లేపడమన్నమాట. కానీ దానికి కూలి ఖర్చు, మందుల ఖర్చు మామూలుగా ఉండదు. చింతపల్లిలో వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది, అక్కడ అడిగాకే మొక్క కొనమనండి. మూడొందల మొక్క అమ్మేవాడు రకం పేరు చెప్పకపోతే అదే సమాధానం.

చింతపల్లి_చిన్నోడు
డిసెంబర్ 23, రాత్రి 8:30

రకం పేరు అడిగాం. "రెడ్" అన్నాడు.

కుండీల_కుమారి
డిసెంబర్ 23, రాత్రి 8:41

😂😂

కరివేపాకు గురించి ఎవరూ మాట్లాడలేదేంటి అసలు? మాది చికాగో దగ్గర. 2019 జనవరి 30న ఇక్కడ మైనస్ 23 ఫారెన్‌హీట్ పడిన రోజు, నేను కరివేపాకు కుండీని బెడ్‌రూమ్‌లో పెట్టుకుని పడుకున్నా. మా ఆయన్ని హాల్లో పడుకోమన్నా. (కుండీ పెద్దది.) రాత్రి 50 ఫారెన్‌హీట్‌కి దిగితే లోపలికి తెచ్చేయాలి, చలికాలంలో నీళ్లు తగ్గించాలి, ఆకు రాల్చినా భయపడొద్దు, కాండం గీకి చూస్తే పచ్చగా ఉంటే బతికున్నట్టే. ఇంకోటి, ఫ్లోరిడా, కాలిఫోర్నియా, టెక్సాస్ చుట్టాల ఇళ్ల నుంచి సూట్‌కేస్‌లో మొక్క, కొమ్మ తేవొద్దు. నిమ్మ, నారింజ చెట్లకి వచ్చే సిట్రస్ గ్రీనింగ్ తెగులు మోసే పురుగు కరివేపాకు మీద పెరుగుతుంది, అందుకే రాష్ట్రాల మధ్య ఆంక్షలున్నాయి.

శైలజ_ఎడిసన్
జనవరి 20, సాయంత్రం 4:18

అర్జెంట్!! ఈ రాత్రికి 4 ఫారెన్‌హీట్ అంటున్నారు, రేపు 6. అంజూరం మొదట్లో ఆకులు పోశాను, జాలీ పెట్టాను. మంచు కరిగిపోయి నేల బోసిగా ఉంది. ఇంకేం చేయాలి?

టెక్సాస్_తాతయ్య
జనవరి 20, సాయంత్రం 4:31

గాలి ఉందా?

శైలజ_ఎడిసన్
జనవరి 20, సాయంత్రం 4:33

ఉంది బాగా.

టెక్సాస్_తాతయ్య
జనవరి 20, సాయంత్రం 4:50

అయితే పైకొమ్మల మీద ఆశ వదులుకో, గాలితో వచ్చే చలికి దుప్పటి పెద్దగా ఆగదు. గాలి లేని రాత్రి అయితే నేల వేడిని దుప్పటి కింద పట్టి ఉంచవచ్చు, ఇప్పుడు ఆ వేడిని గాలి ఈడ్చుకుపోతుంది. మొదలు ఒక్కటి చూసుకో. ఇంకో అడుగు ఆకులు పోసి, పైన పాత దుప్పటి నేలకి తగిలేలా కప్పి చుట్టూ ఇటుకలు పెట్టు. లోపల పాతకాలపు క్రిస్మస్ బల్బులు (వేడెక్కేవి, ఎల్‌ఈడీలు కాదు) ఒక తీగ చుట్టి వేస్తే ఇంకా మంచిది, ఆకులకీ దుప్పటికీ ఆనకుండా, వైరు తడవకుండా చూసుకో. ప్లాస్టిక్ నేరుగా కొమ్మకి తగలనివ్వకు.

శైలజ_ఎడిసన్
జనవరి 20, రాత్రి 7:02

చేశాం. ఎల్‌ఈడీలే ఉన్నాయి ఇంట్లో, బల్బులు పక్కింటి ఇటలీ పెద్దాయన ఇచ్చారు. ఆయన నా చెట్టు చూసి ఏదో అన్నారు, మెచ్చుకోవడమైతే కాదు.

జగిత్యాల_రైతుబిడ్డ
జనవరి 24, ఉదయం 9:20

నాట్లు అయినయి. షీటు కప్పిన మడి నారు చాలింది, కప్పని చిన్న మడి పోయింది, పక్కూరి నుంచి రెండు గుంటల నారు కొన్నం. నాన్న అందరికీ తనే కనిపెట్టినట్టు చెప్తున్నడు.

శైలజ_ఎడిసన్
మే 17, రాత్రి 9:30

అప్‌డేట్ ఇవ్వడం లేటైంది, సారీ. ఏప్రిల్ అంతా అంజూరం కట్టెలా ఉంది. గోరుతో గీకితే పైనుంచి కిందకి గోధుమ రంగే, నేలకి ఎనిమిది అంగుళాల ఎత్తులో పచ్చదనం తగిలింది. అక్కడిదాకా కోసేశాను. ఇప్పుడు మొదలు నుంచి ఐదు చిగుళ్లు, రెండు అప్పుడే అడుగున్నర. పక్కింటాయన చెట్టు మట్టిలోంచి లేచి నిలబడింది, అన్ని కొమ్మలకీ ఆకులు, కొమ్మ కొసన కాయలు కూడా కనిపిస్తున్నాయి, చూస్తే ఏడుపొస్తోంది. నవంబర్‌లో కందకం తవ్వడం నేర్పిస్తానన్నారు. దానిమ్మ గరాజ్‌లోంచి బయటికొచ్చింది, చిగిర్చింది, కుండీలోనే ఉంటుంది. సలవాట్‌స్కీ ఎక్కడ దొరుకుతుందో ఎవరైనా మెసేజ్ పెట్టండి.

చింతపల్లి బాబూ, మీ బావ అడ్వాన్స్ ఏమైంది?

చింతపల్లి_చిన్నోడు
మే 18, ఉదయం 7:15

సగం తిరిగొచ్చింది. పరిశోధన స్థానంలో అడిగాం, మామ గారు చెప్పినట్టు పది మొక్కలు అన్నా రకం పెడుతున్నాం. మిగతా చేనులో మళ్లీ రాజ్మానే.

టెక్సాస్_తాతయ్య
మే 18, ఉదయం 8:44

ఐదు చిగుళ్లలో గట్టివి మూడు ఉంచి మిగతావి తీసేయమ్మా, లేకపోతే దుబ్బులా అయి కాయ లేటవుతుంది.

నేను పోయిన వసంతంలో ఇంకో సత్సుమా పెట్టాను, చెప్పలేదు కదూ. జనవరిలో పైన మాడింది. నిన్న కింద కొత్త చిగురు కనిపించింది. ఈసారి కళ్లద్దాలు పెట్టుకుని చూశాను, కాడకి ఒకటే ఆకు.

పైరు_పాఠం
మే 18, ఉదయం 9:10

అంటు గాటు పైనుంచా, కింద నుంచా?

టెక్సాస్_తాతయ్య
మే 18, ఉదయం 9:26

వేలెడు పైన. మా ఆవిడ కూడా చూసింది.